మన జరం

గాజు తోటలో మా మొదటి పని పండుటాకులు ఏరడం. తొమ్మిది గంటలకు ఆఫీసు వాళ్లు లోపలికి వచ్చేలోపల, ఆరు అంతస్తుల ఎత్తున్న ఆ గాజు ఇంట్లో ఒక్క పసుపు ఆకు కూడా కనిపించకూడదు. నేల మీద రాలినవే కాదు, కొమ్మ మీద పండబోతున్నవీ కత్తెరతో తీసెయ్యాలి. నల్ల సంచిలో వేసి వెనక తలుపు గుండా బయటికి పంపాలి. ఏడేళ్లు ఆ పని చేశాను. చావు ఇంకా మొదలు కాకముందే దాన్ని పసిగట్టే కన్ను నాకుందని నమ్మేవాణ్ణి.

మాది కోలారు జిల్లాలో బేతమంగళ దగ్గర పల్లె. తెల్లవారకముందే మారికుప్పంలో రైలు బండెక్కి, వైట్‌ఫీల్డ్‌లో దిగి, అక్కణ్ణించి సిటీ బస్సులో తోటకు పోయేవాళ్లం, నేనూ నా తమ్ముడు గిరీశూ. వాడు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది నేనే.

గాజు తోట అనేది మేము పెట్టుకున్న పేరు. నాలుగు ఆఫీసు భవనాల మధ్య స్థలాన్ని నిలువునా గాజుతో మూసి, లోపల ఎక్కడెక్కడి దేశాల చెట్లో తెచ్చి నాటారు. ఇరవై నిమిషాలకొకసారి పైపుల్లోంచి మంచులాంటి తుంపర పడుతుంది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఒకటే చల్లదనం. చెట్ల కింద లాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చునేవాళ్లకు అది అడవి. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ అది మా పురుగుల ఇల్లులాగే కనిపించింది.

బోరు ఎండిపోయేదాకా మా ఇంట్లో రేష్మె పురుగులు, అంటే పట్టుపురుగులు, పెంచాం. మా అమ్మ సొన్నమ్మకు ఆ పనిలో నలభై ఏళ్లు. గుడ్డులోంచి వచ్చిన పురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు పాత చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జరం అంటారు. మొదటి జరం, రెండో జరం, అట్లా నాలుగు. జరంలో ఉన్న పురుగుకు ఆకు వెయ్యకూడదు, తడి తగలనీయకూడదు, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పాత చర్మంలోనే ఇరుక్కుని చస్తుంది. ఊరికే వదిలేస్తే దానంతట అదే లేస్తుంది. చిన్నప్పుడు ఆ రోజుల్లో మా ఇంట్లో గట్టిగా దగ్గేవాళ్లం కూడా కాదు.

తోటకు పెద్ద వర్ష మేడమ్. కోలారు బజారులో కిరాణా అంగడి వాళ్ల అమ్మాయి, చెట్ల చదువు చదివింది. పైవాళ్లతో ఇంగ్లీషులో మీటింగు ముగించుకుని మా దగ్గరికొచ్చి కోలారు తెలుగు మాట్లాడేది. రెండేళ్ల కింద థాయిలాండ్ నుంచి ఓడలో ఒక పెద్ద ఫైకస్ చెట్టు వచ్చింది. నాటిన వారానికి ఆకులన్నీ రాల్చేసి బోడి కొమ్మలతో నిలబడింది.

"ఇది చచ్చిపోయింది కదప్పా మునిశంకర్. పెరికి పారెయ్యమంటా ఉండారు పైవాళ్లు" అంది.

"చావల్యా మేడమ్. జరంలో ఉండాది."

"చెట్టుకి జరమా? థర్మామీటరు తెచ్చేదా?"

నేను పురుగుల సంగతి చెప్పాను. నీళ్లు ఆపించమన్నాను, ఎరువు వద్దన్నాను, ఎవరూ ముట్టకూడదన్నాను. ఆమె నా మాట విని ఆరు వారాలు పైవాళ్లను ఆపింది. ఏడో వారం కొమ్మల చివర ఎర్రటి మొగ్గలు లేచాయి. ఆ రోజు వర్ష మేడమ్ మా అందరికీ జిలేబీ తెప్పించింది.

అప్పటి నుంచి ఆ మాట తోటలో అందరి నోటా పడింది. కంప్యూటర్ ఆగిపోతే జరం. లిఫ్టు పని చెయ్యకపోతే జరం. వర్ష మేడమ్ పెళ్లి కుదిరిన అబ్బాయి రెండు రోజులు ఫోన్ చెయ్యకపోతే, "మావాడికి జరం" అనేది.

గిరీశ్ ఒకసారి అందరి ముందరా అన్నాడు. "మా అన్న పదో క్లాసులో జరంలో పడినాడు మేడమ్. ఇంగా లెయ్యల్యా."

వాడు అట్లాంటివాడు. నవ్వించకుండా గంటసేపు ఉండలేడు. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఫిబ్రవరిలో ఎల్లప్ప పడిపోయాడు. ఎల్లప్పది సుగటూరు, యాభై దాటిన మనిషి. నడుముకు తాడు కట్టుకుని నాలుగో అంతస్తు ఎత్తున వేలాడుతూ తాటాకుల మీద దుమ్ము తుడిచేవాడు. కింద తాడు పట్టుకునేది గిరీశ్. ఆ రోజు తుంపర పడుతున్నప్పుడు తాడు జారింది. నేను అవతలి మూలలో ఉన్నాను. పడిన చప్పుడు విన్నాను గానీ పడటం చూడలేదు. పన్నెండు గంటలకు ఎల్లప్ప శవాన్ని తీసుకుపోయారు. రెండు గంటలకు మేము రాళ్లు కడిగాము, విరిగిన మొక్కలు తీసి కొత్తవి నాటాము. నాలుగు గంటలకు అదే చోట ఎవరో కూర్చుని కాఫీ తాగుతున్నారు. విచారణ చేసినవాళ్లు పైన కొక్కెం అరిగిపోయి విరిగిందని రాశారు. గిరీశ్‌ను ఎవరూ ఏమీ అనలేదు. నీ తప్పు కాదని కూడా అననే లేదు, అదే సంగతి.

ఆ తర్వాత రెండు నెలలు వాడు నాతోనే బండెక్కాడు, నాతోనే దిగాడు. మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ముందు ఎగతాళి పోయింది, తర్వాత ఫిర్యాదు పోయింది, చివరికి ఊ కొట్టడం కూడా పోయింది. వాడి కుడి అరచేతిలో తాడు ఒరిసిన గాయం మానుతూ ఉండటం ఎదురు సీటులోంచి రోజూ చూసేవాణ్ణి. ఏం జరిగిందిరా అని ఒక్క మాట అడగాలి. బంగారపేట దాటాక అడుగుదాం అనుకునేవాణ్ణి, ట్యాకల్ వచ్చేది. మాలూరు దాటాక అనుకునేవాణ్ణి, వైట్‌ఫీల్డ్ వచ్చేది. నేనే వదిలేసినానన్నా అని వాడంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆ మాట వినకుండా ఉండటానికి నాకొక సాకు కావాలి. సాకని తెలిస్తే అది పనికిరాదు. గౌరవమైన పేరు ఉండాలి. ఆ పేరు నా దగ్గర సిద్ధంగానే ఉంది.

ఏప్రిల్ రెండో వారం, సోమవారం. గిరీశ్ పొద్దుటి నుంచి కత్తెర చేత్తో పట్టుకుని ఒకే చెట్టు కింద నిలబడ్డాడు. తల కాస్త పైకెత్తి ఉంది. తుంపర పడి బట్టలు తడుస్తున్నా జరగలేదు. వర్ష మేడమ్ వాణ్ణి చాలాసేపు చూసి నా దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, మీ తమ్ముడికి ఏమైంది? అన్నం తినేదీ చూడల్యా నేను వారం నుంచి."

"జరం మేడమ్" అన్నాను.

"ఏ జరం? డాక్టరు జరమా, మన జరమా?"

"మన జరమే."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. అంతలోనే నవ్వు ఆపి, "డాక్టరుకి చూపించేది మంచిది గదా?" అంది.

"వద్దు మేడమ్. నాలుగు దినాలు ఊరికే వదిలేస్తే లేస్తాడు."

"నువ్వు చెప్తే సరే. చెట్టునే లేపినావు" అంది. నాలుగు రోజులు సెలవు రాసిచ్చింది.

సాయంత్రం ఇంటికి చేరగానే గిరీశ్ నేరుగా పురుగుల ఇంట్లోకి పోయాడు. రేకుల కప్పుతో పొడుగ్గా ఉంటుంది. పాత తట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక మూల చాప పరుచుకుని పడుకున్నాడు. మా అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. నేను చెప్పకముందే ఆమె నోట అదే మాట వచ్చింది.

"జరంలో పడినాడురా బిడ్డ."

ఆ మాట ఆమె నోట విన్నప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. ఇద్దరికి ఒకే సంగతి కనిపిస్తే అది నిజమైనట్టే. ఆమె చీమలు రాకుండా గడప వెంబడి సున్నం చల్లి, గడప అవతల పీట వేసుకుని కూర్చుంది. ఎవరినీ లోపలికి పోనియ్యకూడదని ఇద్దరం అనుకున్నాం.

నా భార్య వీణ సంగటి ముద్ద, చెంబుతో నీళ్లు తీసుకొచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"పక్కకి జరుగు" అంది.

"ఆకలైతే వాడే అడుగుతాడు. ఇప్పుడు బలవంతం చేస్తే ఇంగా లోపలికి పోతాడు."

"యాడికి పోతాడు లోపలికి? నీకేమైనా బుద్ధుండాదా? వాడు మనిషా, పురుగా?"

"అరవద్దు" అంది మా అమ్మ. "చప్పుడు చెయ్యకూడదు."

"మీ తల్లీకొడుకులిద్దరికీ పట్టింది జరం" అని వీణ ముద్ద వెనక్కి తీసుకుపోయింది. చెంబు కూడా. ఆ చెంబైనా ఉంచిపొమ్మని అనొచ్చు నేను. అనలేదు.

మంగళవారం తెల్లవారుజామున బండికి పోయే ముందు తలుపు కొంచెం తీసి చూశాను. లోపల మసక వెలుతురు. వాడు మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి తల ఎత్తాడు.

"అన్నా" అన్నాడు.

రెండు నెలల్లో వాడు నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపు వెనక ఇంకో మాట ఉందని నాకు తెలుసు. అది ఏ మాటో కూడా తెలుసనిపించింది. నేను పెదవుల మీద వేలు పెట్టుకుని, "మాట్లాడద్దురా, పడుకో" అన్నాను. తలుపు మెల్లగా వేశాను. ఎంత జాగ్రత్తగా వేశానంటే, కీలు కూడా కిర్రుమనలేదు.

బుధవారం మా అమ్మ స్నానానికి పోయినప్పుడు వీణ లోపలికి పోయి వాడి తల పక్కన నీళ్ల చెంబు పెట్టి వచ్చింది. వాడు ముట్టుకోలేదు. సాయంత్రం మా అమ్మ ఆ చెంబు చూసి, తడి తగిలితే చెడుతుందని బయట పారబోసింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. మా అమ్మ ఆ నీళ్లు పారబోసింది ప్రేమతో. అది మరిచిపోవద్దని నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.

గురువారం మధ్యాహ్నం వీణ ఫోన్ చేసింది. నేను తోటలో ఫైకస్ చెట్టు దగ్గర ఉన్నాను.

"పెదాలు పగిలినాయి. కండ్లు గుంటలు పడినాయి. ఉచ్చకు కూడా లెయ్యల్యా నిన్నటి నుంచి. నాకు భయంగా ఉండాది. అత్త లోపలికి పోనియ్యదు. నువ్వు ఒక్క మాట చెప్పు ఆమెకి, నీళ్లు తాపిస్తాను."

పైపుల్లోంచి తుంపర మొదలైంది. ఫోన్ తడవకుండా భుజం కిందికి వంచుకున్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ ఇప్పుడు చెప్తే, మూడు రోజులుగా నేను చేసింది ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండాలంటే ఇంకొక్క రోజు నేను సరైనవాడిగానే ఉండాలి. నా మనసు ఆ లెక్క ఎంత వేగంగా వేసిందో నాకిప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు మాత్రం అది నమ్మకంలాగే ఉంది.

"రేపటికి నాలుగు దినాలు. రేపు సాయంత్రం నేనే వచ్చి లేపుతాను" అన్నాను.

వీణ ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం బండికే వచ్చేశాను. వీణ అప్పటికే మా అమ్మను పక్కకు నెట్టి లోపలికి పోయి ఉంది. గిరీశ్ తల ఆమె ఒళ్లో ఉంది. గుడ్డ తడిపి నోట్లో పిండుతోంది. నీళ్లు పెదవి చివర నుంచి కారిపోతున్నాయి. రేకుల కింద పొయ్యి మీద కూర్చున్నట్టు వేడి. నేను వాణ్ణి ఎత్తుకున్నాను. ఎంత తేలిగ్గా లేచాడో చేతులకు ఇంకా గుర్తుంది.

పక్క ఊరి కారులో కోలారుకు తీసుకుపోయాం. మా అమ్మ, నేను. వీణను ఇంట్లో పిల్లల దగ్గర ఉండమన్నాను. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ వాడి కంటిరెప్ప ఎత్తి చూసింది, చేతి మీద చర్మం పట్టి వదిలింది. చర్మం అట్లాగే నిలబడిపోయింది.

"ఎన్ని రోజుల నుంచి? ఏమైంది?" అని అడిగింది.

మా అమ్మ ముందుకొచ్చి, "నాలుగు దినాలుగా జరం సామీ" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. డెంగీకి, మలేరియాకు రక్తం తియ్యమని నర్సుకు చెప్పింది. నేను ఆమె చేతిలోని పెన్ను చూస్తూ నిలబడ్డాను. కాదు మేడమ్, ఆ జరం కాదు అనాలి. అంటే మరే జరమో చెప్పాలి. నాలుకకు అడ్డం పడింది అబద్ధం కాదు, సిగ్గు. చదువుకున్న మనిషి ముందర, తెల్లటి గదిలో, మా ఇంటి మాట ఎట్లా వినిపిస్తుందోనన్న సిగ్గు.

సూది గుచ్చడానికి నర్సు గిరీశ్ కుడి చెయ్యి తెరిచింది. అరచేతి నిండా అడ్డంగా తాడు మచ్చ. తాడు వదిలేసినవాడి చేతికి అట్లాంటి మచ్చ పడదు. వాడు పట్టుకునే ఉన్నాడు. కొక్కెం విరిగి తాడు పరిగెత్తుతుంటే కూడా పట్టుకునే ఉన్నాడు. ఆ మచ్చను రెండు నెలలు ఎదురు సీటులోంచి రోజూ చూశాను. వాడు వదలలేదని వాడికి చెప్పడానికి నేను వాణ్ణి ఏమీ అడగాల్సిన పని కూడా లేకపోయింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీళ్లు, ఆహారం తీసుకుంటున్నాడా?"

"తాగతా ఉండాడు మేడమ్" అన్నాను.

"నిజంగా?"

"తాగతానే ఉండాడు."

ఆమె ఒక క్షణం నన్ను చూసింది. ఇంకేదో రోగం వెతుకుతున్న మనిషి చూపు అది. సెలైన్ పెట్టారు. రక్తం ఫలితాలు వచ్చాక కిడ్నీలు పని చెయ్యడం లేదని, బెంగళూరుకు తీసుకుపొమ్మని చెప్పారు. పోయే దారిలో గిరీశ్ కళ్లు తెరవలేదు. శనివారం పొద్దున పది గంటలకు పోయాడు.

ఆసుపత్రిలో నేను నిజం చెప్పుంటే బతికేవాడా? తెలియదు. తెలిసినవాళ్లను అడగొచ్చు. ఇంతవరకూ అడగలేదు. అడగకుండా ఉండటం నాకు వచ్చిన విద్య.

పదకొండో రోజు వర్ష మేడమ్ కారులో మా ఇంటికి వచ్చింది. కార్యం ముగిసి బంధువులు వెళ్లిపోయారు. మా అమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. వీణ మేడమ్‌కు గ్లాసులో మజ్జిగ ఇచ్చింది, నాకూ ఒకటి ఇచ్చి వాకిట్లో నిలబడింది. వర్ష మేడమ్ మజ్జిగ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.

"నాదే తప్పు మునిశంకర్. నవ్వులాటగా అడిగినాను నేను. డాక్టరుకి చూపించాల్సిందే అని గట్టిగా చెప్పుండాల్సింది. సెలవిచ్చి పంపించేసినాను. నేను సరిగ్గా అడగల్యా."

ఆమె తప్పు నెత్తిన వేసుకుంటోంది. వద్దనాల్సింది నేను. కానీ ఆమె తీసుకున్నంత మేరకు నాకు తేలికవుతున్నట్టనిపించింది. మజ్జిగ తాగుతూ విన్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా విన్నాను.

"మీరు ఏడవద్దండి" అంది వీణ. గొంతులో కోపం లేదు. "వాడికి ఏమైందని అడిగింది ఈ లోకంలో మీరొక్కరే."

వర్ష మేడమ్ నా వైపు చూసింది. మెట్టు మీద నుంచి మా అమ్మ, "ఎవురి తప్పూ లేదమ్మా" అంది. "జరం. నాలుగో జరంలో కొన్ని లెయ్యవు. దానికి ఎవురేమి చేస్తారు?"

మా అమ్మకు ఆ మాట కావాలి. ఆమె పారబోసిన నీళ్ల మీద కప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క గుడ్డే. నేను నోరు తెరిస్తే అది లాగేసినట్టవుతుంది. తెరవకపోతే ఈ అమ్మాయి నా బరువు మోసుకుని బెంగళూరు పోతుంది. ఎటు చూసినా మంచివాడుగా మిగిలే దారి లేదు. అట్లాంటి చోట నిలబడటం నాకు అదే మొదలు.

"జరం కాదమ్మా" అన్నాను. "నీళ్లు లేక పోయినాడు. నీళ్లు ఇయ్యద్దని చెప్పింది నేను."

మా అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. అంతవరకూ వీణకు తెలుసు. ఆగిపోతే అంతటితో ఆగేది. అయినా చెప్పాను.

"ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. తాగతా ఉండాడని చెప్పినాను. రెండుసార్లు అడిగింది."

వీణ అప్పటికే ఖాళీ గ్లాసు కోసం నా దగ్గరికి వస్తోంది. నేను చెయ్యి చాపి గ్లాసు అందించాను. ఆమె దాన్ని చూసి, తీసుకోకుండా లోపలికి పోయింది.